పుండులో పురుగు.. టెక్సాస్ కాపరుల పాఠం

చలికాలం చివర్లో ఒక శుక్రవారం మా క్యాంపు వాళ్ళం నలుగురం పికప్ వేసుకొని ఎడారిలో ఉన్న ఒక మజ్రాకు పోయాం. అక్కడ గొర్రెలు కాసేది మా మండలం తమ్ముడే. డ్రైవర్ వీసా అని తీసుకొచ్చి గొర్రెల వెనక నిలబెట్టిన కథ మనవాళ్ళలో ఎందరిదో ఉంది. అతనిదీ అదే. ఊరి నుంచి వచ్చిన పచ్చడి, సజ్జప్పాలు ఇచ్చి వద్దామని పోతే అతడు కనీసం కూర్చోలేదు. "అన్నా, ఇది చూడున్రి" అని ఒక గొర్రెపిల్లను ఎత్తుకొచ్చి చూపించాడు. నాలుగు రోజుల పిల్ల. బొడ్డు దగ్గర రూపాయి బిళ్ళంత పుండు. వాసనకు మా ముక్కులు మూసుకుపోయాయి. లోపల తెల్లటి పురుగులు తలలు లోపలికి పెట్టి, తోకలు బయటికి పెట్టి పేర్చినట్టు ఉన్నాయి. కదిలిస్తే ఇంకా లోపలికే పోతున్నాయి.

అంతకు ముందు అట్లాగే మూడు పిల్లలు పోయాయట. పిల్ల చస్తే నీ అజాగ్రత్తే అని కఫీల్ జీతంలో కోస్తాడు. తమ్ముడికి తెలిసిన వైద్యమల్లా ఊర్లో తాత చేసిందే. కలరా ఉండల పొడి చల్లడం, సీతాఫలం ఆకు నూరి పెట్టడం. ఎడారిలో సీతాఫలం ఆకు ఎక్కడిది? పెట్రోలు పోశాడు. పురుగు కొంత చచ్చింది, పిల్లకు చర్మం కాలింది.

ఆ రాత్రి క్యాంపులో మాకు నిద్ర పట్టలేదు. మేము కాంక్రీటు, ఇనుము చూసుకునేవాళ్ళం, పశువుల డాక్టర్లం కాదు. అయినా ఊర్లో అందరం గొర్లు, బర్లు ఉన్న ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళమే. పుండులో పురుగు పడటం కొత్త కాదు. కానీ పుట్టిన పిల్ల బొడ్డులో, బతికున్న మాంసం తింటూ పోయే ఈ పురుగు వేరే రకం అనిపించింది. రోజూ డ్యూటీ అయ్యాక ఫోన్లలో వెతికి, ఒకరు చదివింది ఇంకొకరికి చెప్పుకుంటూ పోతే, మేము చివరికి తేలింది అమెరికాలోని టెక్సాస్‌లో. ఆ పురుగుతో అక్కడి పశువుల కాపరులు పడ్డ పాట్లు, నేర్చిన పాఠాలు మన మజ్రా తమ్ముళ్ళకు పనికొస్తాయని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

మరమేకులా దిగే పురుగు

దాని పేరు స్క్రూ పురుగు. మరమేకు తిరుగుకుంటూ చెక్కలోకి దిగినట్టు మాంసంలోకి దిగుతుంది కాబట్టి ఆ పేరు. ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి అమెరికా ఖండాలది. రెండోది మన వైపుది: ఆఫ్రికా, ఇండియా, ఆగ్నేయాసియాతో పాటు గల్ఫ్ దేశాల్లోనూ ఉంటుంది. 1996లో ఇరాక్‌లో మందల మీద పడి పెద్ద నష్టం చేసింది ఈ రెండోదే. పని చేసే తీరు రెండింటిదీ ఒకటే.

మామూలు పచ్చ ఈగ, నీలి ఈగ పిల్లలు ఎక్కువగా కుళ్ళిన మాంసం మీద బతుకుతాయి. ఇది అట్లా కాదు. దీనికి ప్రాణమున్న మాంసమే కావాలి. ముళ్ళకంచె గీరుకున్నా, కొమ్ము కోసినా, ఉన్ని కత్తిరించేటప్పుడు కత్తెర తగిలినా, గోమారు కరిచినా, ఆ చిన్న గాటు అంచున ఆడ ఈగ వందల గుడ్లు ఒకేసారి పెట్టి పోతుంది. ఒక రోజు తిరగకుండానే అవి పొదిగి లోపలికి దిగుతాయి. ఐదు నుంచి ఏడు రోజులు తిని, బలిసి, నేల మీద పడి మట్టిలోకి దూరుతాయి. అక్కడ కోశం కట్టుకొని మళ్ళీ ఈగలై లేస్తాయి. పుండు వాసనకు ఇంకో ఈగ వస్తుంది, దాని వెనక ఇంకోటి. చూడకుండా వదిలేస్తే పెద్ద ఎద్దు కూడా వారం, పది రోజుల్లో పడిపోతుంది. పుట్టిన పిల్ల బొడ్డు మాత్రం దానికి తెరిచి పెట్టిన తలుపే. మనుషులనూ వదలదు.

టెక్సాస్‌లో ఒక్కో రాంచ్ అంటే మన లెక్కన ఊర్లకు ఊర్లు. వేల ఎకరాల గడ్డి బీడు, ముళ్ళ పొదలు. వందల పశువులు వాటి మానాన అవి మేస్తుంటాయి. ఎండాకాలమంతా కాపరులు గుర్రాలెక్కి ఒక్కో పశువునూ వెతికి, తాడేసి పడగొట్టి, పుండు కడిగి మందు పూయడమే పని. 1940ల్లో ప్రభుత్వ పరిశోధకులు తయారుచేసిన 'స్మియర్ 62' అనే నల్లటి మందు సీసా జీను సంచిలో లేకుండా కాపరి బయటికి పోయేవాడు కాదు. పొదల్లో దాక్కున్న జింక పిల్లల సంగతి అడిగేవాడే లేడు. అవి వేలల్లో పోయేవి.

అంతకు ముందు ఇంకో పెద్ద తప్పు జరిగింది. అందరం అలాంటివి చేసి ఉంటాం గనక చెబుతున్నాం. చచ్చిన పశువు కళేబరం మీద ముసిరే ఈగే ఈ పురుగుకు మూలమని చాలా ఏళ్ళు అనుకున్నారు. కళేబరాలు కాల్చడం, పూడ్చడం, ఈగల బోనులు పెట్టడం, ఇట్లా ఎంతో కష్టం పోసినా పురుగు తగ్గలేదు. 1933లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ రెండు ఈగలూ చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉన్నా వేరువేరు జాతులని తేల్చారు. కళేబరం ఈగ వేరు, బతికున్న పుండు ఈగ వేరు. సైటులో నీళ్ళు కారేది ఒక పైపు అయితే మనం ఇంకో పైపు తవ్వి కూర్చున్నట్టు, అన్నాళ్ళూ దెబ్బ కొట్టింది వేరే ఈగను.

గడప దాకా వచ్చిన చదువు

ఇట్లాంటి సంగతి శాస్త్రజ్ఞుడికి తెలిస్తే చాలదు, బీడులో ఉన్న కాపరికి తెలియాలి. ఆ పని చేసినవాళ్ళను అమెరికాలో కౌంటీ ఏజెంట్లు అంటారు. వ్యవసాయ విస్తరణ ఉద్యోగులు. ఆ పద్ధతి వేళ్ళూనుకున్నదీ టెక్సాస్‌లోనే. 1903లో సీమన్ నాప్ అనే పెద్దాయన టెర్రెల్ అనే ఊరి దగ్గర ఒక రైతు పొలంలోనే, ఆ రైతు చేతులతోనే మెరుగైన సేద్యం చేయించి చూపించాడు. నష్టం వస్తే మేము కట్టిస్తామని ఊరి వ్యాపారులు ముందే డబ్బు పోగేసి పెట్టారు. నష్టం రాలేదు. చెవితో విన్నదీ కంటితో చూసిందీ కూడా మనిషి నమ్మకపోవచ్చు, తన చేత్తో చేసింది మాత్రం నమ్మక తప్పదనేది ఆయన పట్టిన సూత్రం. 1906లో అదే రాష్ట్రంలో స్మిత్ కౌంటీకి మొదటి ఏజెంటును పెట్టుకున్నారు. 1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి దేశమంతటా వ్యవసాయ కాలేజీలకూ రైతు గడపకూ మధ్య దారి పడింది.

ఈ ఏజెంట్లు కాపరులకు చెప్పింది ఆకాశంలోంచి ఊడిపడ్డ విద్య కాదు. విత్తులు కొట్టడం, కొమ్ములు కోయడం, ముద్ర వేయడం లాంటి గాయం చేసే పనులన్నీ ఈగ లేని చలి నెలల్లో పెట్టుకోమన్నారు. దూడలు కూడా ఎండల ముందే పుట్టేటట్టు కోడెను మందలో వదిలే నెల మార్చుకోమన్నారు. ఈనిన రోజే బొడ్డుకు మందు పూయాలి. గోమార్లు పట్టకుండా చూడాలి, ఎందుకంటే గోమారు కాటే పురుగుకు తలుపు. దొడ్డిలో పొడుచుకొచ్చిన మేకు ఉంటే కొట్టేయాలి. ఇందులో పెద్ద ఖర్చు ఏముంది? క్యాలెండరు మార్చుకోవడం, కన్ను తెరిచి పెట్టుకోవడం. అయినా తాతల నాటి నుంచి ఎండాకాలంలో చేసే పనిని చలికాలానికి మార్చమంటే మనిషి ఊరికే వినడు. పక్క రాంచ్‌లో దూడలు బతకడం కళ్ళారా చూశాకే వింటాడు.

ఈగలతోనే ఈగల పని పట్టారు

ఇక ప్రపంచమంతా చెప్పుకునే ముచ్చట. ఎడ్వర్డ్ నిప్లింగ్, రేమండ్ బుష్‌లాండ్ అని ఇద్దరు ప్రభుత్వ కీటక శాస్త్రజ్ఞులు. నిప్లింగ్ స్వయంగా టెక్సాస్ రైతు కుటుంబంలో పుట్టినవాడు. ఈ ఆడ ఈగ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జత కడుతుందని గమనించారు. మరి గొడ్డు మగ ఈగలను కోట్ల కొద్దీ వదిలితే? ఆ ఒక్కసారీ వృథా అవుతుంది, గుడ్డు పొదగదు. మట్టిలో పడే కోశాలకు కిరణాలు పట్టించి ఈగలను గొడ్డు చేశారు. మన సైటులో పైపు వెల్డింగ్ పరీక్ష చేసేటప్పుడు తాడు కట్టి అందర్నీ దూరం పంపిస్తారే, ఆ జాతి కిరణాలే.

1954లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో చేసి చూశారు. 444 చదరపు కిలోమీటర్ల దీవి, నిండా మేకలు. కొన్ని వారాల్లోనే అక్కడ పురుగు మాయమైంది. 1959 నాటికి ఫ్లోరిడాలో పని అయిపోయింది. 1962లో టెక్సాస్‌లోని మిషన్ అనే చోట పాత వైమానిక స్థావరంలో ఈగల ఫ్యాక్టరీ పెట్టారు. మాంసం, నెత్తురు కలిపిన మేత మీద వారానికి కోట్ల ఈగలు పెంచి, అట్టపెట్టెల్లో పెట్టి విమానాల నుంచి జారవిడిచేవాళ్ళు. ప్రభుత్వం పూర్తిగా కదలకముందే పశువుల పెంపకందార్లు తమలో తాము సంఘం పెట్టుకొని, చందాలేసుకొని ముందుకొచ్చారు. 1966లో అమెరికాలో స్థానికంగా ఈ పురుగు లేదని ప్రకటించారు. ఆ ఇద్దరికీ 1992లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ ఇచ్చారు.

కానీ మేము చదువుతూ ఆగిపోయింది విమానాల దగ్గర కాదు, చిన్న సీసా దగ్గర. ఏ బీడు మీద ఈగలు ఎక్కువ వదలాలో పైనున్న పైలట్‌కు ఎట్లా తెలుస్తుంది? కౌంటీ ఏజెంటు ఆఫీసులో చిన్న సీసాలు పెట్టేవాళ్ళు. కాపరికి పశువు పుండులో పురుగు కనబడితే నాలుగు ఏరి సీసాలో వేసి, ఎక్కడ, ఎప్పుడు, ఏ పశువు అని చీటీ రాసి పంపాలి. ల్యాబులో చూసి అదేనా కాదా తేల్చేవాళ్ళు. అవునంటే ఆ చుట్టుపక్కల ఈగలు వదిలేవాళ్ళు. అంటే మన క్యూబ్ టెస్టే! ట్రక్కు నుంచి కాంక్రీటు తీసి డబ్బాలో పోసి, తేదీ రాసి ల్యాబుకు పంపకపోతే ఏ ఇంజనీరూ స్లాబు గురించి మాట్లాడలేడు. ఆ క్యూబు పోసేది ఎవరు? మన హెల్పరే. అక్కడ సీసా నింపింది కాపరి.

చూడటం మానేస్తే

1972లో జరిగింది మన సూపర్‌వైజర్లు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన సంగతి. పురుగు పోయిందని టెక్సాస్ అంతా ఊపిరి పీల్చుకుంది. రోజూ గుర్రమెక్కి మందను చూసే కాపరుల పని తగ్గింది. చాలామందిని తీసేశారు. కొమ్ముల పని, విత్తుల పని మళ్ళీ వీలైనప్పుడల్లా చేశారు. ఇంకో వైపు జింకలు పెరిగాయి, పురుగుకు అవీ దొరికాయి. ఆ ఏడు చలి తక్కువ, వానలు ఎక్కువ. మెక్సికో వైపు నుంచి ఈగ మళ్ళీ దిగింది. ఆ ఒక్క ఏడాదే అమెరికాలో 95 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఫ్యాక్టరీలో పెంచిన ఈగల సత్తువే తగ్గిందని తర్వాత కొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. అదీ ఉండొచ్చు. మా మట్టుకు మాకు అర్థమైంది మాత్రం, అంత పెద్ద మందను ఒక్కొక్కటిగా పట్టి చూసే చేతులు అప్పటికి మిగల్లేదని. సేఫ్టీ వాడు వస్తున్నాడంటే హెల్మెట్ పెట్టి, పోగానే తీసేసేవాళ్ళం మనకు ఇది తెలియదా?

ఏజెంట్లు మళ్ళీ మొదటి పాఠం నుంచి మొదలుపెట్టారు. 1982 నాటికి అమెరికాలో సొంతంగా నిలదొక్కుకున్న పురుగు లేకుండా పోయింది. ఈగలను దక్షిణానికి తరుముకుంటూ పోయారు. 1991లో మెక్సికో, 2006 నాటికి పనామా. అక్కడి నుంచి ఏటా ఈగలు వదులుతూ అడ్డుగోడ కట్టారు.

గల్ఫ్‌లో ఉన్న మనకు దగ్గరి కథ ఇంకోటి ఉంది. 1988లో ఈ అమెరికా జాతి పురుగు లిబియాలో బయటపడింది. 1990లో ఆ ఒక్క ఏడాదిలోనే 12 వేలకు పైగా కేసులు. ఆఫ్రికా అంతా పాకితే ఆపేవాడు ఉండడని అందరికీ భయం. మెక్సికో ఫ్యాక్టరీ నుంచి గొడ్డు ఈగలను విమానాల్లో సముద్రాలు దాటించారు. కింద బృందాలు మంద మందకూ తిరిగి పుండ్లు చూసి మందు వేశాయి, పశువులను చోటు మార్చకుండా ఆపాయి. 1991 ఏప్రిల్ తర్వాత అక్కడ కొత్త కేసు లేదు.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. పనామాలో ఏడాదికి సగటున 25 కేసులు ఉండేవి, 2023లో 6,500 దాటాయి. 2024 నవంబరులో మెక్సికోలో కనబడింది. 2025 మేలో అమెరికా దక్షిణ సరిహద్దు నుంచి పశువుల రాకను ఆపేసింది. జూలైలో ఒక ద్వారం తెరిచి, రెండు రోజుల్లో మళ్ళీ మూసేసింది. సెప్టెంబరులో సరిహద్దుకు 70 మైళ్ళ లోపల ఒక కేసు దొరికింది. అప్పుడు టెక్సాస్ విస్తరణ ఉద్యోగులు ఊరూరా మళ్ళీ మీటింగులు పెట్టారు. పాత పాఠమే, ఎదురుగా కూర్చున్నవాళ్ళు కొత్త. తాతలు స్మియర్ పూసినవాళ్ళు, మనవళ్ళలో చాలామంది ఈ పురుగును ఫొటోలో తప్ప చూడలేదు.

మన తమ్ముడికి చెప్పేదెవరు?

టెక్సాస్‌లో పాఠం నేరుగా మంద చూసేవాడి దగ్గరికి పోయింది. ఇక్కడ మేము చూసినంతలో, పశువుల డాక్టరు వచ్చినా మాట్లాడేది కఫీల్‌తో, అరబీలో. పుండు చూసేది మాత్రం మన తమ్ముడు. ఊర్లో అయితే గోపాలమిత్రను పిలుస్తాం, 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. ఇక్కడ అతనికి తోడు కుక్క, నీళ్ళ ట్యాంకరు. జీతం కోస్తారన్న భయంతో పురుగు సంగతి దాచిపెట్టేవాళ్ళూ ఉన్నారు. దాచిన ప్రతి రోజూ పురుగుకే లాభం. మా మాట కఫీల్లకు చేరుతుందో లేదో గానీ, పురుగు పడిందని ముందుగా చెప్పినవాడికి జీతం కోస్తే రేపు ఎవడూ చెప్పడు, మంద మొత్తం పోతుంది. సైటులో క్రాక్ చూపించిన మేస్త్రీని తిడితే ఏం జరుగుతుందో మాకు తెలుసు. ప్లాస్టరింగ్ చేసి మూసేస్తాడు.

మజ్రాల్లో ఉన్న మనవాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సింది ఇంతే. ఒక గొర్రె మంద వదిలి విడిగా నిలబడినా, ఊరికే తోక కొట్టుకున్నా, ఒకే చోట నాకుతున్నా పట్టుకొని చూడండి. పుండు చిన్నగా ఉండి లోపల గుంట పెద్దగా ఉంటే, నెత్తురు నీరు కారుతూ చెడు వాసన వస్తే అనుమానించండి. పురుగులను ఏరి నేల మీద పారేయొద్దు, మట్టిలో పడితే ఈగలవుతాయి. చిన్న సీసాలో స్పిరిట్ పోసి అందులో వేయండి, డాక్టరుకు చూపించడానికీ అదే పనికొస్తుంది. ఫోన్లో ఫొటో తీసి తేదీతో సహా కఫీల్‌కు పంపండి, రేపు మాట వస్తే సాక్ష్యం. పెట్రోలు పోయొద్దు. మందు, ఇంజెక్షన్ డాక్టరు చెప్పిన కొలతలోనే. పుట్టిన పిల్లకు మొదటి రోజే బొడ్డుకు టించర్ అయోడిన్ పూయండి. మీ కాలికి ముల్లు గుచ్చుకున్నా గుడ్డ కట్టుకోండి, తెరిచిన గాయంతో ఆరుబయట పడుకోవద్దు.

మరుసటి శుక్రవారం అయోడిన్ సీసా, స్పిరిట్, దూది పట్టుకొని మళ్ళీ పోయాం. కఫీల్‌కు మాలో అరబీ వచ్చినతను ఫోన్లోనే ఫొటోలు చూపించి చెప్పాడు. ఆయన మొదట కసురుకున్నాడు, రెండు రోజులకు డాక్టరును తెచ్చాడట. ఆ చివరి పిల్ల బతికింది. బొడ్డు దగ్గర బూరు రాలేదు గానీ తల్లి పాలు గుద్ది గుద్ది తాగుతోంది. మేము టెక్సాస్ కథ మొత్తం చెప్పాం, గుర్రాలు, విమానాలు, ఈగల ఫ్యాక్టరీ అన్నీ. తమ్ముడు పొద్దున ఈనిన పిల్లను ఒళ్ళో వెల్లకిలా పట్టుకొని, బొడ్డుకు దూదితో అయోడిన్ అద్దుతూ విన్నాడు. అంతా అయ్యాక ఒక్కటే అడిగాడు:

"అన్నా, ఆడ పిల్ల సస్తే కాపరికి జీతం కోస్తరా?"

మేము నోరు తెరిచేలోపే ఇంకో పిల్లను పట్టుకోవడానికి లేచి పోయాడు.